మూడో రోజు ఉప్పు

ఉప్పు మిగిలిపోయింది.

పళ్ళెంలో దంచి పెట్టిన ఉప్పు సగానికి సగం అలాగే ఉంది. పక్కన పెద్ద బేసిన్‌లో ఆవకాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. లావణ్య చేతులు మోచేతుల దాకా కారమే. ముక్కు దురద పెడుతోంది కానీ గోక్కోవడం లేదు. గోక్కుంటే ఏమవుతుందో ఇందాకే ఒకసారి తెలిసొచ్చింది.

"అక్కా, ఉప్పు మిగిలిపోయింది," అన్నాడు మణిదీప్. వాడు లావణ్య తమ్ముడు, రెండో తరగతి. పొద్దున్నుంచీ వాడు చేసిన సాయం ఒకటే. పచ్చి ముక్కలు దొంగతనంగా తినడం.

"నాన్నమ్మ ఎక్కువ దంచేసింది," అంది లావణ్య.

"నాన్నమ్మ ఎప్పుడూ ఎక్కువ దంచదు."

"నీకు లెక్కలొచ్చా? నాకొచ్చు. నోరు మూసుకో."

నిజమే, లావణ్యకి లెక్కలొచ్చు. ఆరో తరగతిలో లెక్కల్లో ఆమే ఫస్టు. అందులో తప్పేం లేదు. కానీ లెక్కలు బాగా వచ్చిన వాళ్ళతో ఒక చిక్కుంది. జవాబు రాగానే ఆలోచించడం ఆపేస్తారు.

అసలు ఆ రోజు ఆవకాయ పెట్టాలని ఎవరూ అనుకోలేదు. ముందు రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. ఉద్దానంలో గాలి అంటే అందరికీ గుండెల్లో గుబులే. తిత్లీ తుఫానప్పుడు లావణ్య వాళ్ళ జీడితోట, పెరట్లో పెద్ద మామిడి చెట్టు అన్నీ పడిపోయాయి. ఆ గోతిలోనే నాన్న కొత్త మొక్క నాటాడు. నాన్నమ్మ చిన్నతల్లి బిందెలతో నీళ్ళు మోసి దాన్ని బతికించింది. ఈ ఏడే అది మొదటిసారి గట్టిగా కాసింది. ఆ కాయలు ఇంచుమించు అన్నీ ఒక్క గాలికి పెరట్లో రాలిపోయాయి.

దెబ్బ తగిలిన కాయ ఆగదు, మెత్తబడిపోతుంది. వెంటనే ఆవకాయ పెట్టాలి. కానీ తెల్లారితే నాన్నమ్మకి పలాసలో డయాలసిస్. ఆమెకి కిడ్నీ జబ్బు. ఇవాళ కాదు, రేపు వస్తాం అంటే కుదరదు. నాన్న ఆమెని తీసుకెళ్ళాలి. అమ్మేమో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోవాలి.

అందుకని చీకటితోనే లేచి నాన్న కాయలు కొట్టాడు. అమ్మ ముక్కలు తుడిచి ఆరబెట్టింది. నాన్నమ్మ ఉప్పు, కారం, ఆవపిండి, నూనె వరసగా పెట్టి, ఆటో ఎక్కే ముందు లావణ్యని పిలిచింది.

"ఒలే అమ్మీ, ఇనుకో. ఎనిమిది తవ్వల ముక్కలకి తవ్వడు ఉప్పు. రెండు తవ్వల కారం, రెండు తవ్వల ఆవపిండి. అన్నీ ఈ తవ్వతోనే కొలువు. ఏటీ మార్చకు. నానెలగూ రుసి సూడనేను కదా."

తవ్వ అంటే కొలపాత్ర, తవ్వడు అంటే దాని నిండా ఒక్కసారి. వాళ్ళింట్లో రోజూ బియ్యం కొలిచేది దాంతోనే.

రుచి చూడలేనని నాన్నమ్మ అన్న మాట నిజం. డాక్టర్లు ఆమెకి ఉప్పు బాగా తగ్గించారు, పచ్చళ్ళు మానేయమన్నారు. ఆవకాయ నాలిక మీద పెట్టి ఆమెకి రెండేళ్ళు దాటింది. అయినా వీధిలో ఎవరు ఆవకాయ పెట్టినా చిన్నతల్లినే పిలుస్తారు. ఆమె కొలిచిన జాడీ ఏడాది దాటినా చెడదని పేరు. రుచి చూసే పని వేరేవాళ్ళది, కొలత ఆమెది.

ఆటో వెళ్ళాక లావణ్య తవ్వ తీసుకుని ముక్కలు కొలవడం మొదలుపెట్టింది. ఒక తవ్వలో పది ముక్కలు పట్టాయి. ఇంకో తవ్వలో పదమూడు పట్టాయి. టెంక ఉన్న ముక్క అడ్డం తిరిగితే కింద అంతా ఖాళీయే. 'ఇదేం కొలత' అనుకుంది లావణ్య. నాన్న జీడిపిక్కలు తూయడానికి కొన్న డిజిటల్ త్రాసు గోడవారన ఉంది. దాన్ని తెచ్చింది.

తవ్వతో బియ్యం కొలిచి త్రాసు మీద పోసింది. అరకిలోకి కాస్త తక్కువ వచ్చింది. తవ్వంటే అరకిలో అని ఊళ్ళో అందరూ అంటూనే ఉంటారు. ఇంకేముంది. ముక్కలన్నీ తూస్తే ఎనిమిది కిలోలు. అంటే పదహారు తవ్వలు. పదహారు తవ్వల ముక్కలకి రెండు తవ్వల ఉప్పు, అంటే ఒక కిలో. కారం, ఆవపిండి రెండేసి కిలోలు. లెక్క చేతి వేళ్ళ మీద తేలిపోయింది.

కారం డబ్బా అడుగు ఊడ్చాల్సి వచ్చింది. ఉప్పేమో మిగిలింది.

సాయంత్రం నాన్నమ్మ ఆటో దిగింది. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు ఆమె మనిషి సగం అయిపోతుంది. అయినా చెప్పులు విప్పకుండానే బేసిన్ దగ్గరికి వచ్చింది.

"రంగు బాగున్నాది. ఉప్పు మిగిలినాదేటే?"

"నువ్వు ఎక్కువ దంచావు నాన్నమ్మా. నేను త్రాసుతో తూసి మరీ కలిపాను."

"తవ్వ ఏటైనాది?"

"తవ్వంటే అరకిలోయే కదా."

నాన్నమ్మ మంచం మీద కూర్చుని మిగిలిన ఉప్పు వైపు చూసింది.

"అరకిలో అన్నది బియ్యానికే," అంది. "సర్లే. మూడో రోజు తిరగ కలుపుతాం కదా. అప్పుడు ఉప్పు సూసి సెప్దువు గాని. తక్కువైతే ఏసుకోవచ్చు. నీ నాలికే నా నాలిక."

మర్నాడు పక్కింటి బంగారమ్మ గోడ మీంచి పలకరించింది. ఆమె ఇంకా ఆవకాయ పెట్టలేదు. వాళ్ళ చెట్టు ఆలస్యంగా కాస్తుంది.

"ఏటి వొదినా, ఈసారి ఆవకాయ మనవరాలి సేత పెట్టించినావంట."

"అవునే. తూకమేసి మరీ పెట్టినాది. మనకొచ్చా ఆ లెక్కలు?" అంది నాన్నమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. లావణ్య విననట్టు నటిస్తూ అంతా విన్నది.

మూడో రోజు పొద్దున్న అమ్మ ఫ్యాక్టరీకి, నాన్న తోటకి వెళ్ళాక నాన్నమ్మ బేసిన్ మీద గుడ్డ తీసింది. గరిటెతో అడుగు నుంచి తిరగ కలిపింది. ఊట తీసి లావణ్య అరచేతిలో వేసింది.

"సూడు."

లావణ్య నాకింది. కారం చురుక్కుమంది. పులుపు పళ్ళ దాకా పాకింది. ఉప్పు కోసం నాలిక ఎదురుచూసింది. రాలేదు. ఇంకోసారి నాకింది. అప్పుడూ అంతే.

"సప్పగుంది," అన్నాడు మణిదీప్. ఎవరూ అడక్కుండానే వాడు ఒక ముక్క నోట్లో పెట్టేసుకున్నాడు.

"నీ నాలిక్కి ఐస్‌క్రీమ్ తప్ప ఏం తెలుసురా," అంది లావణ్య.

నాన్నమ్మ లావణ్య మొహమే చూస్తోంది. 'చప్పగా ఉంది' అంటే సరిపోయేది. మిగిలిన ఉప్పు పళ్ళెం అక్కడే ఉంది, చేయి చాపితే అందుతుంది. కానీ తూకం తప్పిందని ఒప్పుకోవాలి. నిన్ననే గోడ దగ్గర నాన్నమ్మ అంత గొప్పగా చెప్పింది. పైగా లెక్క ఎలా తప్పుతుంది? కిలో అంటే కిలోయే కదా.

"సరిపోయింది నాన్నమ్మా."

"సరిగ్గా సూసినావా?"

"ఆ. సరిపోయింది."

నాన్నమ్మ మరి అడగలేదు. జాడీలోకి ఎత్తి, పైన నూనె పోసి, మూతికి గుడ్డ కట్టింది.

లావణ్య ఆ రోజంతా చేతులు కడుక్కుంటూనే ఉంది. కారం ఎప్పుడో పోయింది.

బడి తెరిచారు. కొత్త పుస్తకాలు, కొత్త టీచరు, ఏడో తరగతి. ఆ హడావుడిలో లావణ్య జాడీ సంగతి మర్చిపోయింది. పూర్తిగా మర్చిపోయిందని చెప్పను. అన్నంలోకి ఆవకాయ తియ్యనా అని అమ్మ అడిగినప్పుడల్లా "ఇంకా ఊరనీ అమ్మా" అనేది.

ఒక ఆదివారం నాన్న ఊరుకోలేదు. "ఎన్నాళ్ళు ఊరుతాదే అది? పప్పులోకి నాలుగు ముక్కలు తియ్యి," అన్నాడు.

అమ్మ గుడ్డ విప్పింది. విప్పి అలాగే నిలబడిపోయింది.

జాడీ మీద తెల్లగా బూజు. నూనె ఎటు పోయిందో తెలీదు. పుల్లటి మురుగు వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసింది. అమ్మ గరిటెతో పైపైన తీసి చూసింది. కింద ముక్కలు మెత్తగా పిండైపోయి ఉన్నాయి.

"మొదటి కాపు. అన్నీ పోయినాయి," అంది అమ్మ.

నాన్నమ్మ గోడ పట్టుకుని వచ్చి జాడీలోకి తొంగి చూసింది. లావణ్య గుమ్మం దగ్గరికి జరిగింది. ఇప్పుడు అడుగుతుంది. ఇప్పుడే అడుగుతుంది.

నాన్నమ్మ అడగలేదు.

"నా తప్పే," అంది. "జాడీ నానే కడిగినాను. తడి ఆరనేదు కాబోలు. సూపు ఆనడం నేదు నాకు. గుంట సరిగ్గానే కొలిసింది. ఉప్పు కూడా సూసి సెప్పింది."

లావణ్య అమ్మ చేతిలోంచి గుడ్డ తీసుకుని జాడీ మీద కప్పేసింది. మణిదీప్ అక్క వైపు చూశాడు. వాడు తిట్టినా బాగుండేది.

నాన్న జాడీ తీసుకెళ్ళి కొబ్బరిచెట్ల అవతల గొయ్యి తీసి పచ్చడంతా పాతేశాడు. ఆ మధ్యాహ్నం నాన్నమ్మ అన్నం సగమే తింది. లావణ్యకి అదీ మింగుడు పడలేదు. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపించింది.

అంతటితో అయిపోతే మన కథ ఇక్కడే ఆగేది. ఆ వారంలోనే బంగారమ్మ వచ్చింది.

"వొదినా, మా కాయలు కోతకొచ్చినాయి. ఆదివారం పొద్దున్నే బేగి వచ్చెయ్. నువ్వొచ్చి కొలిస్తే కలిపేత్తాం. గట్టి వానలు పడితే ఇంక పెట్టనేం."

"నానొద్దులేవే," అంది నాన్నమ్మ. "నా ఇంట్లో జాడీకే తడి సూసుకోనేకపోయినాను. మరొకరింటికొచ్చి ఏటి కొలుత్తాను? ఎవుల్నైనా పిలుసుకో."

బంగారమ్మ చాలాసేపు బతిమాలింది. నాన్నమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆమె వెళ్ళిపోయాక తవ్వని బియ్యం డ్రమ్ములో పెట్టి మూత వేసేసింది.

మర్నాడు లావణ్య మంచినీళ్ళ కుళాయి దగ్గర బిందె పట్టుకుని వరసలో నిలబడింది. ముందు బంగారమ్మ, ఆమె కోడలు ఉషారాణి ఉన్నారు. లావణ్యని వాళ్ళు చూడలేదు.

"పాపం చిన్నతల్లి వొదిన పని అయిపోయినాదే," అంటోంది బంగారమ్మ. "మందుల మనిషి కదా, మతిమరుపు వచ్చినాది కాబోలు. ఎలాటి సెయ్యి అది. ఇన్నేళ్ళలో ఒక్క జాడీ సెడనేదు."

"ఇంక పిలవకూడదు అత్తమ్మా. పిలిస్తే ఆమెకే బాధ," అంది ఉషారాణి.

లావణ్య వరస వదిలేసి ఖాళీ బిందెతోనే ఇంటికి వచ్చేసింది. వాళ్ళు నాన్నమ్మని జాలిగా అంటున్నారు. తిట్టి ఉంటే కోపమైనా వచ్చేది.

ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు, నాన్నమ్మకి డయాలసిస్ రోజు. వసారాలో మణిదీప్ చొక్కా నిండా నేరేడు పళ్ళు ఏరుకొచ్చి తింటున్నాడు. నోరంతా ఊదారంగు.

లావణ్య డ్రమ్ములోంచి తవ్వ తీసింది. త్రాసు తెచ్చింది. వంటింట్లోంచి దంచిన ఉప్పు తెచ్చి తవ్వ నిండా పోసి తూసింది.

ఆరు వందల డెబ్భై గ్రాములు.

లావణ్య త్రాసు ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ తూసింది. ఆరు వందల డెబ్భై.

"ఆ పళ్ళు ఇలా ఇయ్యి."

"ఇవ్వను. నావి."

"తినను రా. తూసి ఇచ్చేస్తాను."

మణిదీప్ అనుమానంగానే చొక్కా దులిపాడు. తవ్వ నిండా నేరేడు పళ్ళు పోసి తూస్తే మూడు వందల ముప్ఫై వచ్చింది. ఒక్కటి కూడా ఎక్కువ పట్టదు, తవ్వ నిండే ఉంది. కానీ పండుకీ పండుకీ మధ్య సందులున్నాయి. ఆ సందుల్లో ఏమీ లేదు, గాలి తప్ప. మామిడి ముక్కల మధ్యైతే ఇంకా పెద్ద సందులు. అదే ఉప్పులో అయితే సందే కనబడదు.

అదే తవ్వ. బియ్యం పోస్తే ఒక తూకం, ఉప్పు పోస్తే ఒక తూకం, పండు పోస్తే ఇంకో తూకం. అన్నిటికీ అరకిలో అని లెక్క కట్టేసింది తను. ఎనిమిది కిలోల ముక్కలంటే పదహారు తవ్వలు కావు, పాతిక తవ్వల దాకా ఉంటాయి. వాటికి ఉప్పు మూడు తవ్వల పైన, అంటే రెండు కిలోల పైనే పడాలి. వేసింది కిలో.

లెక్క తప్పింది. కానీ లావణ్యకి ఏడుపొచ్చింది ఆ లెక్కకి కాదు.

"నేను ఆ రోజే సప్పగుందన్నాను కదా," అన్నాడు మణిదీప్ మెల్లిగా.

"అన్నావు."

"నీకూ తెలుసు కదా అక్కా."

లావణ్య తలూపింది. తమ్ముడి మొహం చూడలేక పళ్ళు వాడి చొక్కాలో తిరిగి పోసేసింది. వాడు అందులోంచి పెద్దది ఏరి అక్కకిచ్చాడు. ఆమె తినలేదు.

ఆదివారం పొద్దున్న లావణ్య పక్కింటి పెరట్లోకి వెళ్ళింది. బంగారమ్మ కాయలు కొడుతోంది. ఉషారాణి ముక్కలు తుడుస్తోంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు సాయానికొచ్చారు. నలుగురున్నారని చూసి లావణ్య గోడ దగ్గరే ఆగింది. బంగారమ్మ ఒక్కతే ఉంటుందనుకుని వచ్చింది మరి.

"ఏటే, ముక్క కావాలా?"

"కాదు మామ్మా. మా ఆవకాయ నాన్నమ్మ వల్ల పోలేదు. నావల్ల పోయింది."

కత్తి ఆగింది.

"తవ్వతో కొలవమంది. నేను కొలవలేదు. తవ్వంటే అరకిలో అనుకుని అన్నీ తూసేశాను. ఉప్పు సగమే పడింది. జాడీలో తడి ఏమీ లేదు. నాన్నమ్మ ఏమీ మర్చిపోలేదు."

బంగారమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "సిన్నపిల్లవి, లెక్క తప్పినాది. అయితే మరి మూడో రోజు ఉప్పు సూత్తారు కదే. ఎవులు సూసినారు?"

ఇక్కడ లావణ్యకి ఒక దారి ఉంది. 'తెలీలేదు మామ్మా' అంటే చాలు. పిల్లదాని నాలిక, తెలీలేదు కాబోలు అని వదిలేస్తారు. నలుగురూ చూస్తున్నారు. లావణ్యకి ఆ దారి కనబడింది కూడా.

"నేనే చూశాను," అంది. "చప్పగానే ఉంది. సరిపోయిందని అబద్ధం చెప్పాను."

సాయానికొచ్చిన ఒకామె "ఓలమ్మా" అని ముక్కు మీద వేలేసుకుంది. లావణ్య కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"ఈ మాట సెప్పాల్సింది నాకు కాదే," అంది బంగారమ్మ.

"నాన్నమ్మకీ చెప్తాను మామ్మా. కానీ కుళాయి దగ్గర నువ్వు అన్నది విన్నాను. మతిమరుపు అన్నావు. అందుకని ముందు నీకు చెప్పాలనిపించింది."

ఈసారి తల దించుకోవడం బంగారమ్మ వంతైంది. ఆమె కత్తి కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. "పద," అంది.

నాన్నమ్మ వసారాలో మందులు వేసుకుంటోంది. లావణ్య ఆమె ముందు నిలబడి మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. నలుగురి ముందు సిగ్గు వేరు, నాన్నమ్మ ముందు సిగ్గు వేరు.

నాన్నమ్మ అరవలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు.

"తూకం తప్పితే తప్పినాది," అంది. "ఉప్పు అక్కడే ఉన్నాది. ఒక్క మాట అంటే సాలును. నాకు నాలిక నేదని తెలుసు కదే నీకు. అందుకే కదా నిన్నడిగినాను."

లావణ్య మందుల పక్కనున్న నీళ్ళ గ్లాసు ఆమెకి అందించింది.

నాన్నమ్మ లేచి డ్రమ్ము మూత తీసి తవ్వ తీసుకుంది. "నడవ్వే బంగారమ్మా. ముక్కలు ఆరిపోతన్నాయి," అని బయల్దేరింది. లావణ్యని రమ్మనలేదు. లావణ్య వెనకాలే వెళ్ళింది.

బంగారమ్మ పెరట్లో నాన్నమ్మ పీట మీద కూర్చుని కొలిచింది. ముక్కలు తవ్వలో పోసి, పైన గోపురంలా నిలబెట్టింది. ఉప్పు పోసినప్పుడు మాత్రం అరచేత్తో పైన చదునుగా కోసేసింది. ఉప్పుకి తల కొట్టాలి, ముక్కలకి కొట్టకూడదు. లావణ్య ఇన్నేళ్ళూ పక్కనే ఉండి కూడా ఈ తేడా చూడలేదు. ఈసారి కళ్ళార్పకుండా చూసింది.

పని అయ్యాక బంగారమ్మ ఒక చిన్న బేసిన్ నిండా ముక్కలు నాన్నమ్మకిచ్చింది. "మీ ఇంట్లో ఆవకాయ నేకుండా ఎలగ వొదినా," అంది. నాన్నమ్మ అప్పటికే బాగా అలిసిపోయింది. ఇంటికొచ్చి మంచం మీద వాలి, తవ్వని లావణ్య వైపు తోసింది.

"నువ్వే కొలువు. ఆ తూకం మిషనూ కావాలంటే తెచ్చుకో. మిషన్ది తప్పేటీ నేదు. దేని తూకం దానికే కట్టు."

లావణ్య త్రాసు తేలేదు. తవ్వతోనే కొలిచింది. ఎనిమిది తవ్వల ముక్కలు సరిగ్గా అయ్యాయి. కారం, ఆవపిండి అయ్యాయి. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఆమెకి మళ్ళీ భయం పట్టుకుంది. మళ్ళీ తక్కువైతే? తల కొట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. గోపురంగానే పోసేసింది. అది చాలదని ఇంకో గుప్పెడు చల్లింది. నాన్నమ్మ అప్పటికి కళ్ళు మూసుకుంది.

మూడో రోజు వచ్చింది. బడికి టైమవుతోంది. లావణ్య జడ వేసుకుని, బ్యాగు తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. నాన్నమ్మ బేసిన్ తిరగ కలుపుతోంది. ఊట గరిటెలోకి తీసింది.

"ఒరే మణీ, ఇలగ రా. సెయ్యి పట్టు," అంది.

నాన్నమ్మ తనని చూసింది. చూసి కూడా మణిదీప్‌నే పిలిచింది. అందులో కోపం లేదు. నాన్నమ్మ రుచి చూడలేదు, నమ్మకమైనవాళ్ళని అడగాలి, అంతే. లావణ్యకి వెంటనే వీధిలోకి వెళ్ళిపోవాలనిపించింది.

మణిదీప్ నాకాడు. బయట వాళ్ళ స్నేహితుడు సైకిల్ బెల్లు కొడుతున్నాడు. "బాగుంది నాన్నమ్మా," అనేసి పరిగెత్తబోయాడు.

నాన్నమ్మ నూనె గిన్నె అందుకుంది.

"ఆగు నాన్నమ్మా," అంది లావణ్య.

బ్యాగు దింపి లోపలికి వచ్చింది. చెయ్యి కడుక్కుని అరచెయ్యి చాపింది. నాన్నమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ఊట వేసింది.

లావణ్య నాకింది. ఈసారి ఉప్పు కోసం ఎదురుచూడక్కర్లేకపోయింది. పులుపు కన్నా ముందు అదే వచ్చింది. నాలిక చివర చేదెక్కేంత ఉంది.

"ఎక్కువైంది," అంది. "ఉప్పు ఎక్కువైంది నాన్నమ్మా. తల కొట్టలేదు నేను. తక్కువైపోతుందని భయమేసి పైన ఇంకో గుప్పెడు కూడా వేశాను. నీకు చెప్పలేదు."

మణిదీప్ గుమ్మంలో ఆగిపోయాడు. వెనక్కి వచ్చి ఇంకోసారి నాకి, "అవును, ఉప్పుప్పుగా ఉంది," అని ఒప్పుకున్నాడు. "సైకిల్ వచ్చిందని బాగుందనేశాను."

నాన్నమ్మ నూనె గిన్నె కింద పెట్టింది.

"అయితే ఏటి సెయ్యాలే ఇప్పుడు?" అంది లావణ్యతో.

"ఇంకొన్ని ముక్కలు కొట్టి కలపాలి. అవి ఉప్పు పీల్చుకుంటాయి."

"కాయలు నేవు కదా మనకి."

నాన్నమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నెమ్మదిగా పెరటి గోడ దగ్గరికి నడిచింది. అవతల బంగారమ్మా, ఉషారాణీ, కుళాయి నుంచి వస్తున్న ఇంకో ఇద్దరూ ఉన్నారు. నాన్నమ్మ వాళ్ళందరికీ వినబడేలా గొంతెత్తింది.

"ఒలే బంగారమ్మా, నాలుగు కాయలుంటే ఇయ్యవే. ఉప్పు ఎక్కువైనాదంట. మా లావణ్య సూసి సెప్పినాది."